ఏక్‌బాల్‌పూర్‌లో ఇరవై రెండు నిమిషాలు

కోదండం జన్మలో మొదటిసారి ఒక అమ్మాయిని తిట్టింది కలకత్తాలో, పాతికమంది ఎదుట, తెలుగులో. ఆమెకు తెలుగు రాదనుకున్నాడు.

అది రెండువేల ఒకటో సంవత్సరం, ఆగస్టు నెల. బయట వాన ఆగకుండా కురుస్తోంది. ఆలీపూర్ పక్కన ఉన్న ఒక మేనేజ్‌మెంట్ కళాశాల సెమినార్ గదిలో అతను తన పరిశోధన గురించి చెబుతున్నాడు.

కోదండానిది వరంగల్. తండ్రి పవర్‌లూమ్ షెడ్డులో మగ్గం నడిపి అతన్ని పీహెచ్‌డీ దాకా చదివించాడు. ఏడాది కిందట ఈ కళాశాలలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెప్పడానికి చేరాడు. ఒక పనిని ఏ వరసలో చేస్తే తక్కువ సమయంలో తెములుతుందో లెక్కగట్టే చదువు అది. అతని లెక్కంతా కార్పొరేషన్ చెత్తలారీల గురించి. మూడు నెలల లారీ కాగితాలు ముందేసుకుని, ఏ లారీ ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో తేల్చాడు. ఆ వ్యాసం తూర్పు ప్రాంత పరిశోధకుల సంఘం ఇచ్చే యువ పరిశోధకుడి అవార్డుకు చివరి జాబితాలో నిలిచింది. డిసెంబరులో తుది పోటీ. ఈ సెమినార్ దానికి రిహార్సల్.

"పద్నాలుగో చోట, ఏక్‌బాల్‌పూర్‌లో, లారీ ఇరవై రెండు నిమిషాలు ఊరికే నిలబడుతోంది," అన్నాడు ఇంగ్లీషులో, తెర మీద ఎర్ర గీత చూపిస్తూ. "దాన్ని తీసేస్తే చాలు, రోజుకు ఒక ట్రిప్పు మిగులుతుంది."

చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. నీలిరంగు తాంత్ నూలుచీర, తడిసిన జడ, పెద్ద కళ్ళు. సాయంత్రం బ్యాచికి స్టాటిస్టిక్స్ చెప్పే అమ్మాయి. పగలు పనిచేసే కోదండం ఆమెను దూరం నుంచి రెండుసార్లు చూసి ఉంటాడు. అందరూ అక్కా అన్నట్టు 'శొన్నాశీ-ది' అని పిలుస్తుంటే ఏదో బెంగాలీ ముద్దుపేరనుకున్నాడు.

"ఆ పద్నాలుగో చోటు మీరెప్పుడైనా చూశారా?" అని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

"చూడవలసిన అవసరం రాలేదు. కాగితాలు స్పష్టంగా ఉన్నాయి."

"కాగితంలో 'ఊరికే' అని రాసి ఉందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కోదండం తెర వైపు తిరిగి, స్లయిడు సర్దుతున్నట్టు నటిస్తూ గొణిగాడు. "ఈమెకేం ఎరుక. జన్మల చెత్తలారీ మొహం చూసిందో లేదో. ప్రశ్నలకు మాత్రం తక్కువ లేదు."

గొణుగుడు మైకులో పడింది.

"సూసానండి," అంది ఆమె తెలుగులో, ఏమాత్రం గొంతు పెంచకుండా. "పుట్టిన కాణ్నించీ సూస్తన్నాను. ఆ లారీలోకి చెత్త ఎత్తేది మా అమ్మే. ఇరవయ్యారేళ్ళయింది."

గదిలో ఇంకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. విభాగాధిపతి ముఖం వెలిగిపోయింది. "ఓ, మీరిద్దరూ ఒకే భాష వాళ్ళా? బాగుంది, చాలా బాగుంది," అన్నాడాయన. కోదండానికి మాత్రం నేల చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

సెమినార్ అయ్యాక గేటు దగ్గరి చాయ్ దుకాణంలో ఆమెను పట్టుకున్నాడు. రెండు మట్టి ముంతల్లో టీ తీసుకుని ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"తప్పయింది మేడమ్. నేనట్ల అనొద్దుండె."

"మీరేటో అంతన్నారు గాని, సగమే తెలుస్తోంది నాకు," అంది ఆమె టీ ఊదుకుంటూ. "అనొద్దుండె ఏటండి?"

"అంటే... అనకుండా ఉండాల్సింది."

"అలగని సెప్పండి. నా పేరు సన్యాసమ్మ. మాది సిక్కోలు దగ్గర. మా తాత కాలంలోనే ఈ ఊరొచ్చీసాం. మీరు నాకు సారీలు సెప్పక్కర్లేదు. రేపు పొద్దున్న ఐదున్నరకి ఏక్‌బాల్‌పూర్ రండి."

"ఐదున్నరకా?"

"ఊరికే నిలబడ్డం సూడాలంటే అప్పుడే రావాల," అంది సన్యాసమ్మ, కళ్ళతో మాత్రమే నవ్వుతూ.

ఆ నవ్వు వల్లో, సిగ్గు వల్లో కోదండానికి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే మొదటి ట్రామ్ పట్టుకుని ఖిదిర్‌పూర్‌లో దిగి, అక్కణ్ణించి నడిచాడు. వాన వెలిసింది. సన్యాసమ్మ వీధి కుళాయి పక్కన గొడుగు మడిచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన యాభై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెంగు నడుముకు బిగించి ఉంది.

"అమ్మా, ఈయనే."

రామమ్మ అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "నువ్వేనేటి బాబూ ఆపరేసన్లు సేసేది? డాకటరువా?"

"కాదమ్మా. పనుల లెక్క చూస్త. ఏ పనికి ఎంతసేపు పడుతదో..."

"అలగైతే ఆ మాట సెప్పు. మా గుంట సెప్తే బోదపళ్ళేదు. మా నీలు కోసీసినోడివి నువ్వేనన్నమాట."

ఆ మాట కోదండానికి వెంటనే అర్థం కాలేదు. లారీ వచ్చి ఆగింది. లారీ పట్టని సందుల్లోంచి తోపుడుబళ్ళు ఒక్కొక్కటే రాసాగాయి. ఒకరు మూడో నిమిషంలో వచ్చారు, ఒకరు పదో నిమిషంలో, ఆఖరి బండి పదిహేనో నిమిషంలో. చెత్తంతా లారీకెక్కాక ఆడా మగా కలిసి తొమ్మిది మంది కుళాయి చుట్టూ చేరారు. చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. కాళ్ళు కడుక్కున్నారు. దోసిళ్ళతో నీళ్ళు తాగారు. తెచ్చుకున్న గిన్నెలు విప్పి చద్దన్నం తిన్నారు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఇరవై రెండు నిమిషాలయింది.

కోదండం జేబులోని స్టాప్‌వాచీని బయటికి తియ్యనే లేదు.

"దీని తర్వాత మళ్ళ నీళ్ళు ఎక్కడమ్మా?"

"ఇంటికాడే. ఈ ఈది కుళాయి ఎనిమిదింటికల్లా కట్టీస్తారు. మాకు ఇంకో ట్రిప్పు సేసి ఇంటికెళ్ళీసరికి పదకొండు దాటిపోద్ది."

రామమ్మ తన గిన్నెలో మిగిల్చిన సగం అన్నం మూతలో పెట్టి, వేయించిన ఎండుచేప ముక్క వేసి అతని చేతికిచ్చింది. కోదండం చేతులు కడుక్కుని ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని తిన్నాడు.

"మా నాయిన మగ్గం కాడ ఒకాయన గడియారం పట్టుకొని నిలవడెటోడు," అన్నాడు సన్యాసమ్మతో, ఆమె వైపు చూడకుండా. "నీళ్ళు తాగనీకి పోయినా రాసుకునెటోడు. నాయిన ఇంటికొచ్చినంక చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కల తాగెటోడు. నేను పెద్దయినంక ఆ గడియారమాయన పనే నేర్చుకున్న చూసినవా."

పొరపాటున 'నువ్వు' అనేశాడని అతనికి తెలియలేదు. సన్యాసమ్మకు తెలిసింది. ఆ మాటను ఉండనిచ్చింది.

లారీ కదలబోతుంటే రామమ్మ వెనక్కి తిరిగింది. "బాబూ, నిజంగా టయిం మిగిలించాలనుంటే ఒక పని సెయ్యండి. లారీ పెద్దరోడ్డు కాణ్నించి మొదలెట్టి ఇక్కడికి ఆఖర్న వొస్తాది. అందుకే మేం నిండుబళ్ళు అంతదూరం తోసుకొస్తన్నాం. అదే ముందు సందుల మొగల కాడికొచ్చి, పెద్దరోడ్డు ఆఖర్న సూసుకుంటే మాకూ సుకం, లారీ కూడా మాకోసం కాసుకోదు. అది పెద్దరోడ్డు సూసుకునేటప్పుడు కుళాయి కాడ మా నీలు మేం తాగుతాం."

మూడు నెలలు కంప్యూటరు ముందు కూర్చుని కోదండం కనుక్కోలేనిది ఆమె లారీ ఎక్కుతూ చెప్పింది.

"ఇది ఎవ్వరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవులూ అడగలేదు బాబూ," అంది రామమ్మ.

ఆ మధ్యాహ్నమే కోదండం తన వ్యాసాన్ని పోటీలోంచి వెనక్కి తీసుకుంటున్నట్టు సంఘానికి ఉత్తరం రాశాడు. విభాగాధిపతి కళ్ళద్దాలు తీసి అతన్ని జాలిగా చూశాడు.

"నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా వద్దా అని ఈ ఏడే చూస్తారు. అవార్డు చేతిలో ఉంటే అడిగేవాళ్ళుండరు. చిన్న తప్పేగా, కిందనో వివరణ రాస్తే సరిపోదా?"

"ఆ తప్పు మీదనే వ్యాసమంతా నిలబడి ఉంది సార్."

ఈ సంగతి సన్యాసమ్మకు చెప్పాలని నాలుగైదుసార్లు అనుకున్నాడు. చేసిన తప్పు సరిదిద్దుకుని, అందుకు మెప్పు అడుక్కున్నట్టుంటుందని ఊరుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ ఐదున్నరకు ఏక్‌బాల్‌పూర్‌లో హాజరయ్యాడు. ఏ సందులోంచి ఏ బండి ఎంత బరువుతో వస్తోందో రామమ్మ చెబుతుంటే రాసుకున్నాడు. సన్యాసమ్మ ఆ వేళకు గార్డెన్ రీచ్‌లో ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళిపోయేది.

అక్టోబరులో సంఘం వాళ్ళ కార్యక్రమ పత్రం అచ్చయి వచ్చింది. ఉత్తరం అందకముందే అచ్చుకిచ్చారో ఏమో, అందులో కోదండం పేరూ, వ్యాసం పేరూ అలాగే ఉన్నాయి. నోటీసు బోర్డు ముందు సన్యాసమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

ఆ సాయంత్రం పెద్ద వాన. బస్టాపు పక్కన మిఠాయి దుకాణం చూరు కింద కోదండం ఆమె పక్కనే చేరాడు. చూరు చిన్నది. ఆమె జడలోంచి జారిన చుక్క ఒకటి అతని మోచేతి మీద పడింది. ఆ చుక్కను తుడుచుకోవాలా వద్దా అని అతను ఆలోచిస్తుంటే ఆమె మాట్లాడింది.

"డిసెంబరులో ఆ పేపరే సదువుతున్నారన్నమాట."

"లేదు, నేను..."

సరిగ్గా అప్పుడే ఎర్రజెండాల ఊరేగింపు మలుపు తిరిగింది. వానలో కూడా రెండు వందలమంది గొంతెత్తి నినాదాలిస్తున్నారు. 

"నేను దాన్ని వాపస్..."

"జిందాబాద్," అంది ఊరేగింపు.

"ఏటన్నారు?"

"వాపస్ తీసుకున్న అంటున్న!"

"ఏ బస్సండి?"

చేతులు ఊపాడు, తల ఊపాడు. ఆమెకు అది తప్పించుకునే మనిషి వాలకంలా కనిపించింది. "మా అమ్మ ఎంగిలిచేత్తో కాదు, కడుక్కున్న చేత్తో అన్నం ఎట్టింది మీకు," అంది నినాదాల మధ్య దొరికిన సందులో. "అది తినీసి కూడా మీకు ఆ గీత సెరపాలనిపించలేదా?" బస్సు వచ్చింది. ఎక్కేసింది. కోదండం చూరు అంచున నిలబడి పూర్తిగా తడిశాడు.

ఆ తరవాత పది రోజులు ఆమె అతన్ని చూస్తే దారి మార్చుకుంది.

ఆదివారం పొద్దున కుళాయి దగ్గర కొలతలు ముగిసేసరికి కుండపోత. మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచాయి. "ఇలగెక్కడికెల్తావు, రా," అని రామమ్మ అతన్ని కార్పొరేషన్ క్వార్టర్లలోని తన గదికి తీసుకెళ్ళింది. డ్రెయినేజీ పనిలో ఉన్న ఆమె భర్త సోములు ఇంట్లోనే ఉన్నాడు. మాటలు తక్కువ మనిషి. కోదండానికి పొడి తువ్వాలిచ్చి, ఒక లుంగీ కూడా ఇచ్చి, చాప పరిచాడు. రామమ్మ చేపలపులుసు వడ్డించింది.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే తలుపు తోసుకుని సన్యాసమ్మ వచ్చింది, చేతిలో కూరల సంచితో. తన తండ్రి లుంగీలో, తమ చాప మీద, తమ కంచంలో తింటున్న కోదండాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈయనిక్కడేటి?"

"ఏటేటి? రోజూ వొస్తన్నాడు కదే," అంది రామమ్మ. "రెండు నెల్లయింది. లారీని ఎనకనుంచి తిప్పాలని ఆ కాయితాలన్నీ మళ్ళీ మొదట్నించీ రాస్తన్నాడు. నీకు సెప్పలేదా?"

"రెండు నెల్లా?"

"ముందు రాసింది సింపీసాడంట. దానికేదో బగుమానం వొచ్చీదంట గావాల, అదీ వొద్దనీసాడు. మీ ఆపీసులోనే కదే ఉంటాడు, నీకెలగ తెలీదు?"

సన్యాసమ్మ సంచి కింద పెట్టింది. కోదండం ముద్ద కంచంలోనే వదిలేసి తల వంచుకున్నాడు.

"ఆ రోజు ఇదే చెప్పబోయిన," అన్నాడు మెల్లిగా. "జిందాబాద్‌ల మీకు ఇనవడలేదు."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. కళ్ళు నిండాయి. వంటమూలకు వెళ్ళి, గిన్నెలోంచి పెద్ద చేపముక్క తీసి అతని కంచంలో వేసింది.

"ముల్లు సూసుకోండి," అంది.

సోములు భార్య వైపు చూశాడు. రామమ్మ పైకప్పు వైపు చూసింది.

ఆ తరవాత పని ముగ్గురిదీ అయింది. పొద్దున రామమ్మ చెప్పేది, మధ్యాహ్నం సన్యాసమ్మ లెక్కలు సరిచూసేది, కోదండం రాసేవాడు. మొదటి వ్యాసం చెప్పినంత గొప్పగా సమయం మిగల్లేదు, అందులో సగమే మిగిలింది. కాని అది నిజంగా మిగిలింది. ఎవరి నీళ్ళూ తీసుకోలేదు. వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలన్న వాదన మాత్రం రెండు వారాలు నడిచింది. చివరికి రామమ్మ పేరు ముందు పెట్టి వచ్చే ఏటి పోటీకి పంపించారు.

డిసెంబరులో సంఘం సభ ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ఆ ఏడు పరిశోధన అవార్డు జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన ఒకామెకు దక్కింది. కోదండం నిండు మనసుతో చప్పట్లు కొట్టాడు. అతను వచ్చింది దానికోసం కాదు. ఉత్తమ బోధన అవార్డు సన్యాసమ్మకు వచ్చింది. సాయంత్రం బ్యాచి విద్యార్థులు నలభై ఒక్కమంది సంతకాలు చేసి, ఆమెకు తెలియకుండా పేరు పంపారు. వాళ్ళంతా పగలు పనిచేసి సాయంత్రం చదువుకునేవాళ్ళు.

సన్యాసమ్మ వేదిక మీద ఉంది. మూడో వరసలో రామమ్మకూ సోములుకూ మధ్య కోదండం కూర్చున్నాడు. అధ్యక్షుడు ఇంగ్లీషులో ప్రశంసాపత్రం చదువుతుంటే అతను గుసగుసగా తెలుగు చేసి చెబుతున్నాడు.

"గోదాముల సరుకు రాసుకునే గుమస్తా ఒకాయన రాసిండట. ఈ మేడమ్ ముందు మా పని గురించి మమ్మల్ని అడుగుతది, ఆ తర్వాతనే సూత్రం చెప్తది అని."

"మా గుంట అంతే," అంది రామమ్మ.

"ప్రెస్సుల పనిచేసే ఇంకొకాయన రాసిండట. పదేండ్ల నుంచి చేస్తున్న పని నాకు తెలుసని ఈమె చెప్పినంకనే తెలిసింది అని."

సోములు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అధ్యక్షుడు ఆఖరి వాక్యం చదివి కాగితం మడిచాడు. రామమ్మ కోదండం భుజం తట్టింది.

"ఆఖర్న ఏటన్నారు బాబూ?"

వేదిక మీద సన్యాసమ్మ, ఫలకం రెండు చేతులతో గుండెకు హత్తుకుని, జనంలో ఎవరినో వెతుక్కుంటోంది.

"ఈమెను చేసుకునేటోడు చానా అదృష్టవంతుడు అన్నరమ్మా."

రామమ్మ అతని వైపు పూర్తిగా తిరిగింది. "అది ఆయన ఇంగ్లీసులో అన్నాడా, నువ్వు తెలుగులో అంతన్నావా?"

కోదండానికి చెవులు వేడెక్కాయి. "నేనే అంటున్న అమ్మా."

రామమ్మ భర్త వైపు చూసింది. సోములు వేదిక మీది కూతురి వైపు చూసి తల ఊపాడు. తరవాత, "మీ వోళ్ళకి ఫోను సెయ్యి బాబూ," అన్నాడు. "మేమే మాటాడతాం."

అప్పుడే సన్యాసమ్మ మైకు ముందుకొచ్చింది. విద్యార్థులకు బెంగాలీలో నమస్కారాలు చెప్పింది. ఆపైన తెలుగులో, "అమ్మా, నాన్నా, ఒకసారి లెగండి," అంది. సభకు తిరిగి, "వీళ్ళు ఈ ఊరిని ఇరవయ్యారేళ్ళుగా శుభ్రం చేస్తున్నారు. నాకు మొదటి పాఠాలు వీళ్ళే చెప్పారు," అని ఇంగ్లీషులో చెప్పింది. హాలంతా లేచి నిలబడింది. రామమ్మకు ఏం చెయ్యాలో తోచక అందరికీ దండాలు పెట్టింది.

సభ ముగిశాక వరండాలో సన్యాసమ్మ కోదండం ఎదురుగా వచ్చి నిలబడింది. వేదిక దిగగానే వాళ్ళమ్మ చెవిలో ఊదేసిందని ఆమె బుగ్గలే చెబుతున్నాయి.

"మా అమ్మకి సెప్పారు, మా నాన్నకి సెప్పారు. నాకు ఆఖర్నా?"

"మీరు స్టేజీ మీద ఉంటిరి. నేనేం చెయ్యాలె?"

"ఇప్పుడు కిందకే దిగాను కదా."

కోదండం గొంతు సవరించుకున్నాడు. "సన్యాసమ్మా, ఆ దినం నువ్వు చెయ్యి ఎత్తకపోతే నేను ఒక తప్పుకు అవార్డు తీసుకొని జన్మంతా మురిసిపోతుంటి. నీకు, మీ అమ్మకు ఎట్ల మొక్కాల్నో నాకు తెల్వదు. నన్ను చేసుకుంటవా?"

ఆమె ఫలకం మీద తన పేరును కాసేపు వేలితో రాసింది.

"సేసుకుంటాను గాని, ఇంట్లో ఎవులి తెలుగు మాటాడాలి?"

"నీది నువ్వు మాట్లాడు, నాది నేను మాట్లాడుత. పిల్లలు ఎట్లాగూ బెంగాలీనే మాట్లాడుతరు."

"అప్పుడే పిల్లలదాకా ఎలిపోయారేటి," అంది సన్యాసమ్మ. ఈసారి కళ్ళతోనే కాదు, పూర్తిగా నవ్వింది.

రోడ్డవతల ఎస్టీడీ బూతుకు నలుగురూ కలిసి వెళ్ళారు. కోదండం వరంగల్ పక్కింటి నంబరు కలిపి, తండ్రిని పిలిపించి, రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. తండ్రి, "ఆ పిల్ల తల్లికి ఫోన్ ఇయ్యిరా," అన్నాడు. రామమ్మ రిసీవరు అందుకుంది. సోములు కూడా బూతులోకి దూరి రిసీవరు దగ్గర చెవి పెట్టాడు. ఆ గదిలో ఇక చోటు లేక కోదండం బయటికొచ్చి సన్యాసమ్మ పక్కన నిలబడ్డాడు. గాజు తలుపులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"బంగారమసొంటి బిడ్డను మా పిలగానికిస్తున్నరు, మీకు వెయ్యి దండాలమ్మా," అంటున్నాడు వరంగల్ ఆయన, బయటికి కూడా వినపడేంత గట్టిగా.

"అలగనకండి బాబూ. ఇలాటి గుంటణ్ణి కన్నారు, దండాలు మేం ఎట్టాలి మీకు."

"లేదమ్మా, మేమే పెట్టాలె."

"కాదండి, మావే ముందు."

సన్యాసమ్మ కోదండం వైపు చూసింది. ఫలకాన్ని చంకలో ఇరికించుకుని, ఎవరికీ కనపడకుండా, రెండు చేతులూ జోడించింది. కోదండం కూడా జోడించాడు. లోపల పెద్దవాళ్ళు ఇంకా దండాలు పెట్టుకుంటూనే ఉన్నారు.